రోడ్డు సైకిలుకు కొత్త చక్రాలు: ఇరవై వేలు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: నేను హనుమకొండలో అధ్యాపకుడిని. వయసు 39, బరువు 74 కిలోలు. ఐదేళ్ల క్రితం కొన్న అల్యూమినియం రోడ్డు సైకిల్ ఉంది. రిమ్ము బ్రేకులు, వెనుక 8 స్పీడ్ క్యాసెట్ (పళ్లచక్రాల గుత్తి), 25 మిల్లీమీటర్ల టైర్లు. ఇప్పటికి సుమారు 8,000 కిలోమీటర్లు తొక్కాను. వారానికి మూడు రోజులు ములుగు దారిలో 50 కిలోమీటర్లు, నెలకొక ఆదివారం రామప్ప దాకా వెళ్లి వస్తాను. సగటు వేగం 26, 27 దగ్గర ఆగిపోయింది. చక్రాలు మారిస్తే వేగం పెరుగుతుందని మిత్రులు అంటున్నారు. నా దగ్గర 20,000 రూపాయలు ఉన్నాయి. హైదరాబాదులో ఒకరు 50 మిల్లీమీటర్ల లోతు రిమ్ములున్న కార్బన్ చక్రాలు వాడినవి 25,000కు ఇస్తానంటున్నారు. గత నాలుగు నెలల్లో వెనుక చక్రం పుల్లలు రెండు విరిగాయి కూడా. ఈ శీతాకాలంలో 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా పూర్తి చేయవలసిన దూరపు సవారీ, తొక్కాలని ఉంది. ఏ చక్రాలు కొనమంటారు? లేక ఈ సైకిలే అమ్మేసి డిస్కు బ్రేకుల సైకిల్ తీసుకోవడం మంచిదా?

సమాధానం: మీరు వేగం గురించి చాలా రాశారు, విరిగిన పుల్లల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టి దానికి చివర ‘కూడా’ అని తోక తగిలించారు. నా దృష్టిలో ఆ ఒక్క వాక్యమే మీ అసలు ఉత్తరం. మీకు అవసరమైనది తేలికైన చక్రాల జత కాదు, నమ్మకంగా నిలబడే ఒక వెనుక చక్రమూ రెండు మంచి టైర్లూ. ఆ కార్బన్ చక్రాలు కొనవద్దని ముందే చెప్పేస్తున్నాను. కారణాలు కొంచెం విడమరచి చెప్పవలసినవి కనుక ఓపికగా చదవండి.

పుల్ల ఎందుకు విరుగుతుందో ముందు చూద్దాం. గుంతలో పడితే విరిగిందని అనుకుంటాం గాని, చాలా సందర్భాలలో ఆ గుంత చేసేది చివరి దెబ్బ వేయడమే. చక్రం తిరుగుతున్నప్పుడు, నేలను తాకే చోట ఉన్న పుల్లల బిగువు కొంత తగ్గుతుంది, ఆ చోటు దాటగానే మళ్ళీ మామూలుకు వస్తుంది. మీ చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. అంటే కిలోమీటరుకు దాదాపు 475 చుట్లు, మీరు తొక్కిన 8,000 కిలోమీటర్లకు 38 లక్షల చుట్లు. పుల్ల తగినంత బిగువుగా ఉంటే అన్నిసార్లు వదులై బిగిసినా లోహం తట్టుకుంటుంది. మొదటే వదులుగా ఉన్న పుల్ల మాత్రం ప్రతి చుట్టులోనూ పూర్తిగా సడలిపోయి, చక్రం నడిమి హబ్‌లో దూరిన వంపు దగ్గర వెంట్రుకవాసి అటూ ఇటూ కదులుతుంది. ఇనుప తీగను విరవాలంటే మనం అదే పనిగా వంచుతూ తీస్తూ ఉంటాం కదా, ఇక్కడ జరిగేదీ అదే, కాకపోతే నెలల తరబడి. మీ రెండు పుల్లలూ హబ్ దగ్గరి వంపులోనే విరిగి ఉంటే మీరు చేసిన తప్పేమీ లేదు, ఆ చక్రాన్ని కట్టినప్పుడే బిగువు సమంగా పెట్టలేదు. తక్కువ ధర సైకిళ్లతో వచ్చే చక్రాలలో ఇది తరచుగా కనిపించే లోపమే.

వెనుక చక్రానికే ఈ బాధ ఎక్కువగా ఎందుకు వస్తుందంటే, క్యాసెట్‌కు చోటివ్వడం కోసం గొలుసు వైపు పుల్లలు దాదాపు నిటారుగా నిలబడవలసి వస్తుంది, ఎడమ వైపు పుల్లలు వాలుగా ఉంటాయి. రిమ్ము మధ్యలో నిలవాలంటే గొలుసు వైపు బిగువు ఎక్కువగానూ, ఎడమ వైపు బిగువు దానిలో దాదాపు సగంగానూ ఉండక తప్పదు. దాని మీద మీ బరువులో ఎక్కువ భాగం, పైగా తొక్కుడు బలం మొత్తం పడుతుంది. మన ఊళ్లలో పాలక్యాన్లు మోసిన పాతకాలపు పెద్ద సైకిళ్లకు ముందు 32, వెనుక 40 పుల్లలు వేసేవారు. వెనుక చక్రం కష్టం ఏమిటో వాటిని చేసినవాళ్లకు బాగా తెలుసు.

ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటి చెబుతాను. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, వెనుక చక్రంలో గొలుసు వైపు పుల్లలను ఒక్కొక్కటిగా, తంబూర తీగ మీటినట్టు, వేలిగోటితో మీటండి. ఒకే వైపు పుల్లలన్నీ ఇంచుమించు ఒకే స్వరం పలకాలి. తరువాత ఎడమ వైపు పుల్లలను మీటితే అవి అంతకన్నా మంద్రంగా, కాని తమలో తాము కలిసి పలకాలి. మధ్యలో ఏదైనా పుల్ల టక్కుమని చచ్చు శబ్దం చేస్తే అది వదులైనదని అర్థం. చక్రం చూపుకు సొట్ట లేకుండా తిరిగినంత మాత్రాన బిగువు సరిగా ఉన్నట్టు కాదు. ఒక వైపు మూడు పుల్లలు వదులుగా, వాటి పక్కవి విపరీతమైన బిగువుతో ఉండి కూడా రిమ్ము తిన్నగానే తిరగవచ్చు. మన వీధి మెకానిక్కులు ఔట్ తీయడంలో, అంటే రిమ్ము వంకర సరిచేయడంలో, సిద్ధహస్తులే. కాని ఔట్ తీయడం వేరు, బిగువు సమం చేయడం వేరు. రెండో పని చేయించుకోవాలంటే మీరు నోరు తెరిచి అడగాలి.

ఒక పుల్ల విరిగితే మార్చుకొని ముందుకు పోవచ్చు. రెండోది విరిగితే అనుమానించాలి. మూడోది కూడా విరిగిందంటే మిగతావన్నీ అదే వయసువి, అదే బాధ పడ్డవి కనుక ఒక్కొక్కటే మార్చుతూ పోవడం దండుగ. మీరు ఇప్పుడు రెండుకూ మూడుకూ మధ్యలో ఉన్నారు.

అయితే పాత రిమ్మునే ఉంచుకొని కొత్త పుల్లలతో మళ్ళీ కట్టించవచ్చా? దానికి ముందు రిమ్మును చూడాలి. రిమ్ము బ్రేకుల సైకిల్లో రిమ్ము కూడా అరిగిపోయే వస్తువే, ఈ సంగతి చాలామంది మరచిపోతారు. వానాకాలంలో ఇసుక లారీల వెనుక తొక్కిన ప్రతి రోజూ బ్రేకు రబ్బరుకు ఇసుక అంటుకొని రిమ్ము పక్కలను ఉప్పుకాగితంలా గీస్తుంది. బ్రేకు రాసుకునే పట్టీ మీద సన్నని గాడి గాని, చిన్న గుంట గాని ఉంటుంది. అది కనిపించకుండా పోతే రిమ్ము ఆయుష్షు తీరినట్టే. అలాంటి గుర్తు లేని రిమ్మయితే స్టీలు స్కేలు అంచును ఆ పట్టీకి అడ్డంగా ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మధ్యలో వెలుతురు సందు కనబడితే పట్టీ లోపలికి అరిగి గుంటపడింది. అలాంటి రిమ్ము మీద కొత్త పుల్లలు వేయించడం కూలే గోడకు సున్నం వేయించడమే. గాలి ఒత్తిడికి దాని అంచు ఏదో ఒకరోజు చీలుతుంది.

ఇక మీ మిత్రులు చెప్పిన వేగం సంగతి. మీరు, సైకిలు, నీళ్ల సీసాలు, పనిముట్లు కలిపి 87 కిలోల దాకా ఉంటారు. మీ సైకిలుతో వచ్చిన చక్రాల జత బహుశా రెండు కిలోల పైమాటే. ఇరవై వేల లోపు దొరికే మంచి అల్యూమినియం జత, ఉదాహరణకు షిమానో ఆర్‌ఎస్ 100 లాంటిది, 1,900 గ్రాముల దగ్గర ఉంటుంది. తగ్గేది రెండు మూడు వందల గ్రాములు. ఎంతో కష్టపడి 400 గ్రాములు తగ్గించారనే అనుకున్నా అది మొత్తం బరువులో అర శాతం కూడా కాదు. పది నిమిషాలు పట్టే ఎత్తును మీరు మూడు సెకన్ల ముందు ఎక్కుతారు. ‘తిరిగే బరువు రెండింతల లెక్క’ అనే మాట మీరు విని ఉంటారు. అది వేగం పుంజుకునేటప్పుడు, అదీ రిమ్ము అంచున ఉన్న బరువుకు మాత్రమే వర్తిస్తుంది. ఆ లెక్కన చూసినా ఒక శాతం దాటదు. ఆత్మకూరు దాటాక ఒకే వేగంతో గంటసేపు తొక్కే మీకు ఆ లాభం ఎప్పుడు వస్తుందో నాకు తెలియడం లేదు. ఒక సీసా నీళ్లు తక్కువ మోసుకెళ్తే అంతకన్నా ఎక్కువ బరువు తగ్గుతుంది!

లోతైన రిమ్ములు గాలిని చీల్చుకుపోతాయన్నది నిజమే, అందులో మోసమేమీ లేదు. కాని గాలిని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆ రిమ్ములు ఎన్ని వాట్లు ఆదా చేస్తాయో, 27 కిలోమీటర్ల వేగంలో దానిలో మూడో వంతు కూడా చేయవు. పోటీ వీరుల వేగంలో కొలిచిన అంకెలను ప్రకటనలలో చదివి మన వేగానికి అన్వయించుకుంటే నిరాశే మిగులుతుంది. అసలు గాలికి అడ్డుపడేది మన ఒళ్లే. హ్యాండిల్ కింది వంపులు పట్టుకొని మోచేతులు కాస్త మడిచి పది నిమిషాలు తొక్కి చూడండి, చక్రాలు ఇవ్వనిది పైసా ఖర్చు లేకుండా వస్తుంది. దానికి తోడు, ఎదురుగా లారీ దూసుకుపోయినప్పుడు వీచే గాలి 50 మిల్లీమీటర్ల ముందు రిమ్మును పట్టుకొని హ్యాండిలును లాగుతుంది. ములుగు దారిలో లారీల రాకపోకలు ఎంతగా ఉంటాయో మీకు నేను చెప్పనక్కర లేదు.

మీకు ఆశ చూపిన ఆ వాడిన కార్బన్ చక్రాల గురించి మరికొంత చెప్పాలి. తక్కువ ధరకు వచ్చే పాత కార్బన్ చక్రాలలో ట్యూబులర్ రకం చాలా ఉంటాయి. వాటికి టైరును జిగురుతో అంటించాలి, మనం వాడే మామూలు టైరు, ట్యూబు వాటి మీద కూర్చోవు. అమ్మేవాడు ఆ మాట చెప్పకపోవచ్చు, మీరు అడగకపోవచ్చు. పోనీ మామూలు టైరు పట్టే క్లించర్ రకమే అనుకుందాం. కార్బన్ రిమ్ము మీద తడిలో బ్రేకు ఆలస్యంగా పడుతుంది, బ్రేకు రబ్బర్లు వాటికోసం చేసినవే వాడాలి, పొడవైన దిగుడులో బ్రేకు పట్టుకొనే ఉంటే ఆ వేడికి కార్బన్‌ను అంటిపెట్టే రెజిన్ మెత్తబడి పొరలు విడిపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడో ఒకప్పుడు మీరు మిత్రులతో కలిసి నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ చూడాలని వెళ్తారు. ఎక్కేటప్పుడు ఈ చక్రాలు మీకేమీ హాని చేయవు, దిగేటప్పుడే సమస్య. అంతకు ముందు వాడినవారు ఎక్కడ గుద్దుకున్నారో, లోపలి పొరలో పగులు ఉందో లేదో బయటి నుంచి కంటికి ఆనదు.

నేనూ ఒకప్పుడు ఇలాంటి మోజుకు లొంగినవాడినే. వెనుక 20 పుల్లలే ఉన్న, చదును పుల్లల తేలికపాటి చక్రాల జతను ఒక అమ్మకందారు దగ్గర కొన్నాను. మూడో నెలలో మల్లంపల్లి దాటిన తరువాత ఒక పుల్ల టంగుమని విరిగింది. 20 పుల్లల చక్రంలో ఒకటి పోతే మిగిలినవి సర్దుకోలేవు. రిమ్ము వంగి బ్రేకుకు తగిలి, చక్రం తిరగడమే మానేసింది. బ్రేకు వదులు చేసి, కుంటుకుంటూ ములుగు చేరి, ఒక పంచర్ షాపు ముందు ఆగాను. ఆ పెద్దాయన ఎన్ని వేల చక్రాలు కట్టి ఉంటాడో, చక్రాన్ని చేతిలోకి తీసుకొని, ఆ చదును పుల్లను వేళ్ల మధ్య తిప్పి చూసి, పుల్లను రిమ్ముకు బిగించే మర, అంటే నిప్పల్, ఎక్కడుందని వెతికాడు. అది రిమ్ము లోపల దాగి ఉంది, టైరూ ట్యూబూ లోపలి పట్టీ అన్నీ విప్పితే గాని అందదు. ‘గిసొంటి పుల్ల గీడ యాడ దొర్కుతది సారూ’ అని చక్రాన్ని మర్యాదగా నా చేతికే ఇచ్చేశాడు. నేను ఆటోలో హనుమకొండకు తిరిగి వచ్చాను. కొత్త పుల్ల తెప్పించడానికి ఆ అమ్మకందారు ఐదు వారాలు తీసుకున్నాడు. ఏ చక్రమైనా కొనే ముందు, ఇది విరిగితే ములుగులో బాగవుతుందా అని అప్పటి నుంచి నన్ను నేను అడుగుతున్నాను.

మీ బ్రెవేకు ఈ ప్రశ్న మరింత ముఖ్యం. 200 కిలోమీటర్ల బ్రెవేకు ఇచ్చే సమయం 13 గంటల 30 నిమిషాలు. ఆగిన సమయమంతా కలుపుకొని గంటకు 15 కిలోమీటర్ల లోపు సగటు చాలు. ఇప్పటికే రామప్ప దాకా పోను రాను 130 కిలోమీటర్లకు పైనే తొక్కుతున్న మీకు వేగం కొదువ కాదు. పైగా దారిలో హాజరు వేయించుకునే కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్ప దారిలో వెంట వచ్చే వాహనం నుంచి సహాయం తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. మీరు ఆ 200 కిలోమీటర్లు పూర్తి చేయలేకపోతే దానికి కారణం బరువు చక్రాలు కావు, విరిగిన పుల్లో చిరిగిన టైరో అవుతుంది.

అందుకే టైర్ల దగ్గరికి వస్తున్నాను. ఉన్న డబ్బులో మొదటి రూపాయి వాటి మీదే పెట్టమంటాను. సైకిలుతో పాటు వచ్చే మందపాటి, ఇనుప తీగ అంచున్న చవక టైర్లకూ, మెత్తని రబ్బరుతో మడిచి పెట్టుకునే వీలుగా చేసిన మంచి టైర్లకూ దొర్లుడు నిరోధంలో చాలా తేడా ఉంది. రెండు టైర్లకూ కలిపి పది వాట్లకు పైనే మిగలవచ్చు. మీరు 27 కిలోమీటర్ల వేగంతో సమతలం మీద తొక్కడానికి వెచ్చించేది సుమారు 130 నుంచి 150 వాట్లు కనుక, ఇది చిన్న మొత్తం కాదు. పాతిక వేల కార్బన్ కన్నా మీ వేగంలో ఎక్కువ లాభం ఇక్కడే ఉంది. అయితే పోటీల కోసం చేసిన అతి పల్చటి టైర్లు తీసుకోకండి. మన దారుల అంచున సర్కారు తుమ్మ ముళ్లూ, లారీ టైర్లు పేలినప్పుడు రాలిన సన్నని ఇనుప తీగ ముక్కలూ ఉంటాయి. ఆ తీగ ముక్క వెంట్రుకంత ఉంటుంది, కంటికి కనబడదు, అరచేతితో టైరు లోపల తడిమినప్పుడు చురుక్కుమంటే తెలుస్తుంది. కాంటినెంటల్ కంపెనీలోనే చూస్తే గ్రాండ్ ప్రి 5000 చాలా వేగమైనది, గేటర్‌స్కిన్ చాలా గట్టిది గాని మొద్దుగా దొర్లుతుంది. ఈ రెండింటికీ నడుమ, ముల్లు దూరకుండా లోపల పట్టీ ఉన్న టైరు మీకు సరిపోతుంది. కంపెనీ ఏదైనా ఫరవాలేదు.

వెడల్పు 28 మిల్లీమీటర్లు ఉంటే మేలు. మీ ఫ్రేములో, బ్రేకుల కింద అది పడుతుందో లేదో డబ్బు పెట్టక ముందే తెలుసుకోవచ్చు. మీ పనిముట్ల సంచిలోని 6 మిల్లీమీటర్ల అలెన్ కీ తీసి, గాలి నిండుగా కొట్టిన 25 టైరుకూ దాని పైనున్న బ్రేకు ఇనుముకూ మధ్య దూర్చండి. ముందు ఫోర్కు కింద, వెనుక చక్రానికి ఇరువైపులా ఉన్న గొట్టాలు పెడళ్ల ఇరుసు దగ్గర కలిసే చోట కూడా అలాగే చూడండి. 28 టైరు ఇప్పటి దానికన్నా మూడు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. 6 మిల్లీమీటర్ల కీ సులువుగా జారితే 28 వేసినా ఇసుక రేణువులు పోయేంత సందు మిగులుతుంది. కీ ఇరుక్కుంటే 25తోనే ఉండండి, బలవంతం వద్దు. 28 వేసుకుంటే మీ బరువుకు గాలి వెనుక 75 నుంచి 85 పీఎస్‌ఐ, ముందు దానికి పది తక్కువ సరిపోతుంది. పాత అలవాటుగా 110 కొడితే గరుకు రోడ్డు మీద సైకిలు దొర్లడం మాని ఎగురుతుంది, ఆ అదురంతా పుల్లల మీదికే పోతుంది.

ట్యూబుల విషయంలో నేను పాతకాలపు మనిషిని. మామూలు బ్యూటైల్ ట్యూబు వంద గ్రాములు ఉంటుంది, ఎవరైనా ప్యాచీ వేయగలరు. 40 గ్రాముల కన్నా తేలికైన టీపీయూ (ఒక రకం ప్లాస్టిక్) ట్యూబులు వచ్చాయి గాని, వాటిలో కొన్ని రకాలు రిమ్ము బ్రేకుల వేడికి పనికిరావని తయారీదారులే చెబుతున్నారు. చిన్నగా మడతపడతాయి కనుక అదనపు ట్యూబుగా సంచిలో ఒకటి పెట్టుకోండి, చాలు. ట్యూబ్‌లెస్ జోలికి ఇప్పుడు పోవద్దు. చిల్లులు పూడ్చడానికి అందులో పోసే ద్రవం రెండు మూడు నెలలకొకసారి మార్చవలసినదే, మన మే నెల ఎండలకు ఇంకా త్వరగా ఎండిపోతుంది. దాని కోసం రిమ్ములు, టైర్లు అన్నీ వేరుగా కొనాలి. రిమ్ము అంచుకు లోపలి కొక్కెం లేని హుక్‌లెస్ రకం ఎవరైనా చవకగా చూపిస్తే, అది 5 బార్లు, అంటే సుమారు 72 పీఎస్‌ఐ దాటకూడనిదని, వాటికోసం ఆమోదించిన ట్యూబ్‌లెస్ టైర్లు తప్ప మరేవీ వేయకూడనిదని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు చక్రం. రిమ్ము పరీక్షలో మీ వెనుక రిమ్ము నిలిచి, హబ్ గరగరలాడకుండా తిరుగుతుంటే, కొత్త పుల్లలూ ఇత్తడి నిప్పళ్లూ వేయించి దాన్నే మళ్ళీ కట్టించండి. ఖర్చులో ఎక్కువ భాగం కూలి, పుల్లలే. రిమ్ము పోయి ఉంటే వెనుక చక్రం ఒక్కటే కొత్తగా కట్టించుకోండి. 32 రంధ్రాల రిమ్ము, లోపలి వెడల్పు 17 నుంచి 19 మిల్లీమీటర్లు, షిమానో మధ్యస్థాయి హబ్, మధ్యలో సన్నబడి చివర్లలో 2 మిల్లీమీటర్లు ఉండే డబుల్ బటెడ్ పుల్లలు. మధ్యలో సన్నగా ఉన్న పుల్ల బలహీనమని చాలామంది అపోహపడతారు. నిజానికి ఆ సన్నని నడుము కొద్దిగా సాగి, వంపు దగ్గర పడే బాధను తాను పంచుకుంటుంది, అందుకే ఎక్కువ కాలం మన్నుతుంది. అల్యూమినియం నిప్పళ్లు కొన్ని గ్రాములు ఆదా చేసి, రెండు వానాకాలాల తరువాత తుప్పుతో పట్టేసి చక్రం కట్టేవాడి ఉసురు తీస్తాయి. ఇత్తడివే అడగండి. చక్రం కట్టడం తెలిసినవారు, బిగువు కొలిచే టెన్షన్ మీటరు ఉన్నవారు హైదరాబాదులో దొరుకుతారు. ‘మీటరు మీద రెండు వైపులా బిగువు ఎంత వచ్చిందో రాసిస్తారా’ అని అడగండి. ఆ ప్రశ్నకు చిరాకుపడేవారి దగ్గర కట్టించుకోకండి.

ముందు చక్రం అలాగే ఉండనివ్వండి. దానికి క్యాసెట్ లేదు, రెండు వైపులా బిగువు సమానం, బరువు తక్కువ. మీరు దాని గురించి ఏ ఫిర్యాదూ రాయలేదు కూడా. రెండు చక్రాలూ ఒకే రంగులో లేకపోతే బాగుండదన్నది ఒక్కటే అభ్యంతరం, దానికి నా దగ్గర మందు లేదు.

కట్టించుకునే ఓపిక లేకపోతే, ఫ్యాక్టరీ నుంచి వచ్చే అల్యూమినియం జతను కొనడం తప్పేమీ కాదు. అయితే వెనుక 24 పుల్లలకు తగ్గనివి, మామూలు వంపు పుల్లలతో, నిప్పల్ బయట కనిపించేలా ఉన్నవి చూసుకోండి. డబ్బు కట్టే ముందు అదే కంపెనీ పుల్లలు విడిగా అమ్ముతారా అని అడిగి, నాలుగు అప్పుడే తీసుకోండి.

ఏది కొన్నా మీ సైకిలుకు పట్టే కొలతలు ఇవి. రిమ్ము బ్రేకుల రోడ్డు సైకిలుకు హబ్ వెడల్పు ముందు 100, వెనుక 130 మిల్లీమీటర్లు, క్విక్ రిలీజ్ (మీట తిప్పి విప్పే) రకం. 135 అని రాసి ఉంటే అది సాధారణంగా పాత డిస్కు సైకిళ్లకో పర్వత సైకిళ్లకో చేసినది. ఇప్పుడు అమ్మే రోడ్డు చక్రాలలో చాలావాటి ఫ్రీహబ్ (క్యాసెట్ ఎక్కే భాగం) 11 స్పీడ్ పొడవు ఉంటుంది. మీ 8 స్పీడ్ క్యాసెట్ దాని మీద కూర్చోవాలంటే ముందు 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ రింగు వేయాలి. అది మరచిపోతే క్యాసెట్ ఎంత బిగించినా లొడలొడలాడుతుంది, కొత్త చక్రమే చెడ్డదని జనం గొడవకు దిగుతారు. మీది నిజంగా క్యాసెట్టేనా, లేక మరతో బిగించే పాత రకం ఫ్రీవీలా అన్నది కూడా ఒకసారి నిర్ధారించుకోండి. చక్రం విప్పి పళ్లచక్రాలను వెనక్కి తిప్పండి. నడుమ పనిముట్టు దూరే గాళ్ల రింగు కూడా పళ్లతో పాటు తిరిగితే క్యాసెట్, అది కదలకుండా పళ్లు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. ఫ్రీవీల్ అయితే మీ పాత పళ్లచక్రాలు కొత్త హబ్‌కు పనికిరావు, ఆ ఖర్చు అదనం.

డిస్కు బ్రేకుల సైకిల్ ఆలోచన మంచిదే గాని అది ఇరవై వేల ప్రశ్న కాదు. ఇక్కడ గమనించవలసినది ఒక్కటే. నేడు కొనే రిమ్ము బ్రేకు చక్రాలు రేపటి డిస్కు సైకిలుకు పట్టవు. దాని వెనుక హబ్ 142 మిల్లీమీటర్లు, దూర్చి బిగించే 12 మిల్లీమీటర్ల ఇరుసు, అన్నీ వేరే. రెండు మూడేళ్లలో సైకిలు మార్చే ఉద్దేశం ఉంటే ఈ సైకిలు చక్రాల మీద ఖరీదు పెట్టకపోవడానికి అది ఇంకొక కారణం. టైర్లు మాత్రం కొత్త సైకిలుకు కూడా వస్తాయి.

కనుక ఈ వారమే రెండు టైర్లు, రెండు ట్యూబులు కొనండి. ఉన్న మొత్తంలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ అవుతుంది. తరువాత వెనుక చక్రం. ఏదైనా మిగిలితే బ్యాంకులోనే ఉండనివ్వండి, బ్రెవేకు లైట్లు, ప్రతిఫలన జాకెట్టు అడుగుతారు.

చక్రం చేతికి వచ్చాక నూట యాభై కిలోమీటర్లు తొక్కి, కట్టినవారి దగ్గరికే తిరిగి తీసుకువెళ్లండి. కొత్త పుల్లలు కుదురుకున్నాక బిగువు కొంత సడలుతుంది, ఆ రెండో సర్దుబాటు మంచి పనివాళ్లు చాలామంది కూలి తీసుకోకుండానే చేస్తారు. అప్పుడే రెండు వైపుల పుల్లల పొడవులు అడిగి తెలుసుకోండి. గొలుసు వైపువి ఎడమ వైపు వాటికన్నా సాధారణంగా రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉంటాయి, ఒకదాని చోట ఒకటి వేయకూడదు. ఒక్కొక్క పొడవుకు రెండేసి పుల్లలు నిప్పళ్లతో సహా తీసుకొని, వాటిని ఫ్రేము ఎడమ గొట్టానికి టేపుతో చుట్టి, ఏది ఏ వైపుదో ఆ టేపు మీదే పెన్నుతో రాసుకోండి.